చెరువు ఎవరిది?

(జగిత్యాల పఠనమందిరమున చేయబడిన ఉపన్యాసము)



ప్రకృతి సంరక్షణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ సభను కూర్చినవారు మమ్ము కోరిరి. విషయము చాల పెద్దది. ఉత్తర ధ్రువమున మంచు కరగుచున్నదనియు, సముద్రమట్టము పెరుగుచున్నదనియు, ఎండలు ఏటేట ముదురుచున్నవనియు మనము నిత్యము పత్రికలలో చదువుచునే యున్నాము. చదివి, నిట్టూర్చి, పత్రిక మడిచి ఇంటికి పోవుచున్నాము. ధ్రువపు మంచు మన చేతిలో లేదు. మన యూరి చెరువు మాత్రము మన చేతిలోనే యున్నది. కావున నేడు మేము దూరపు సంగతులు విడిచి, చెరువును గూర్చియే మాటలాడదలచితిమి. చెరువు ఎవరిది? ఈ యొక్క ప్రశ్నకు సరియైన సమాధానము దొరకినచో తక్కిన ప్రశ్నలకు దారి దానంతట అదే తెరచుకొనును.

మన నేల మిట్టపల్లముల నేల. గోదావరి ధర్మపురి ముందుగనే ప్రవహించుచున్నను అది పల్లమున నున్నది. మన పొలములు మిట్టన నున్నవి. సిరిసిల్ల ప్రక్కనున్న మానేరు పూర్వము వానకాలమున పొంగి, వేసవికి ఇసుకయై మిగిలెడి యేరు. ఇట్టి నేలలో నాలుగు మాసములు కురిసిన వానను పండ్రెండు మాసములు వాడుకొనవలెనన్న పడిన చోటనే దానిని నిలుపుట తప్ప వేరు మార్గము లేదు. మన పూర్వు లీ సత్యమును గ్రహించిరి. కాకతీయ గణపతిదేవుని కాలమున జగదాల ముమ్మడి పాఖాల చెరువు కట్టించెను. 1213లో రామప్ప దేవాలయమును నిలిపిన రేచర్ల రుద్రుని నాటిదే రామప్ప చెరువు. ఆ దేవాలయమును 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. మన మందరమును గర్వించితిమి. గర్వింపదగినదే. కాని ఆ గుడితోబాటు పుట్టిన చెరువు ఎనిమిది వందల యేండ్లుగా పొలములకు నీరిచ్చుచునే యున్నదను సంగతి ఎందరి దృష్టికి వచ్చెను? తటాకమును త్రవ్వించుటను సప్తసంతానములలో ఒకటిగ లెక్కించిన జాతి మనది. కొడుకుతో సమానముగ చెరువును చూచినవారు మన పెద్దలు.

చెరువనగా నీరు నిలిచిన గుంట మాత్రమే కాదు. దానికి అవయవము లున్నవి. పై నుండి నీరు తెచ్చు కాలువ యొకటి. ఆ నీటిని ఆపు కట్ట యొకటి. పొలములకు విడుచు తూము యొకటి. మిగులు నీరు పోవు మత్తడి యొకటి. నీరు పరచుకొను శిఖము యొకటి. నీటిపై బ్రతుకు ఆయకట్టు యొకటి. పై చెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువు పొట్ట నింపును. అది నిండి దూకిన నీరు ఆ క్రింది దానిని చేరును. ఇదియే గొలుసుకట్టు. గొలుసులో ఒక కొక్కెము తెగినచో ఆ నష్ట మొక్క యూరితో పోదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది జనులను బలిగొన్నప్పుడు, ఎగువ ప్రాంతమున రెండు వందలకు మించిన చెరువులు ఒకదాని వెంట నొకటి తెగినవని విశ్వేశ్వరయ్యగారి విచారణలో తేలెను. ఆ యుపద్రవము నుండియే 1920లో ఉస్మానుసాగరము, 1927లో హిమాయతుసాగరము పుట్టినవి.

ఇంత కట్టడమును ఎవరు కాచిరి? ఊరిలో నీరటికా డుండెడివాడు. ఏ మడికి ఎంత నీరో, ఏ రాత్రి తూము తీయవలెనో, ఏ చోట కట్ట చెమ్మగిల్లినదో అతనికి తెలిసినట్లు మరి యెవ్వరికిని తెలియదు. చెరువు కట్టించినవారికి, కాచినవారికి దశబంధ మను పేర మాన్యము లుండెడివి. ఏటేట వేసవిలో పూడిక మట్టి పొలములకు చేరెడిది. చెరువు లోతు పెరిగెడిది, పొలము బలము పెరిగెడిది. అయినను పాతకాలమునంతను బంగారు కాలమని మేము చెప్పజాలము. అట్లు చెప్పుట న్యాయము కాదు. ఈ కట్టలపై మట్టి మోసినవారిలో అనేకులు వెట్టికి పట్టుబడిన బీదలు. ఏ చెరువు గట్టున ఎవరు నీరు ముంచుకొనవలెను, ఎవరు దూరముగ నిలువవలెను అను పాపపు కట్టుబాట్లును ఆ కాలమున నుండెను. ఆ వెట్టియు, ఆ యంటరానితనమును మరల మనకు వలదు. ఆ కాలమునుండి మనము గ్రహింపవలసినది చెరువు ఊరి యందరి బరువు అను బుద్ధిని మాత్రమే.

ఆ బుద్ధి ఎప్పుడు సడలెను? బోరు వచ్చినప్పుడని మా యభిప్రాయము. ఎవరి పొలములో వారు గొట్టము దింపి, మీట నొక్కినంతనే నీరు పొందగలిగిన దినమున, చెరువుతో పనిలేదను భ్రమ పుట్టెను. పొరుగువానితో కలిసి కాలువ తీయవలసిన యగత్యము పోయెను. నీరటికాని మాటకు విలువ పోయెను. కాని బోరులోని నీరు ఎక్కడిది? చెరువులో నిలిచి, నెమ్మదిగ భూమిలోనికి ఇంకిన వాన నీరే కదా! చెరువు నెండబెట్టి బోరు త్రవ్వుట, ఖజానాలో జమ నిలిపివేసి ఖర్చు పెంచుట వంటిది. ఒకని బోరు ఎండిన పొరుగువాడు మరింత లోతునకు పోయెను. అతనిని చూచి మూడవవాడు ఇంకను లోతునకు పోయెను. ఈ పందెములో గెలిచినవాడు లేడు. అప్పులపాలైనవారు మాత్రము పల్లె పల్లెనను ఉన్నారు. 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటలును ఉచిత విద్యుత్తు లభించెను. రైతునకు అది మేలే. కాని మీటరు లేని నీటికి మితమును మనమే విధించుకొనవలెను. లేనిచో ఉచితముగ వచ్చిన విద్యుత్తు ఊరికి లోతైన గోతులను మిగిల్చిపోవును.

తెలంగాణ యుద్యమమున జెండా పట్టి తిరిగినవారము మేము. నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించితిమి. వానిలో మొదటి మాట నీళ్లు. రాష్ట్ర మేర్పడిన మరుసటి సంవత్సరము, 2015 మార్చి 12న మిషను కాకతీయ ప్రారంభమయ్యెను. నలుబదియారు వేలకు పైగా చెరువులు, కుంటలు రాష్ట్రమున గలవని లెక్క తేలెను. పూడిక తీసిరి, రైతులు తమ ఖర్చుతో ఆ మట్టిని పొలములకు తోలుకొనిరి. శ్రీరాంసాగరమునకు 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాటినుండి మనము కాలువల కొరకు ఎదురుచూచుట నేర్చితిమి. కాలువ నీరు వచ్చినది, సంతోషమే. కాని కాలువ దూరపు చుట్టము. చెరువు ఇంటి మనిషి. చుట్టము వచ్చు దినమును మనము నిర్ణయింపజాలము. పూడిక తీయుట ప్రభుత్వము చేయగల పని. మరల పూడకుండ, చెడకుండ, ఆక్రమణకు లోనుగాకుండ కాచుట ఊరి పని. ఆ రెండవ పని యింకను మిగిలియే యున్నది.

ఇక పట్టణముల సంగతి చూతము. జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైనవి. కార్యాలయములు వచ్చెను, వ్యాపారము పెరిగెను, నేల ధర నింగి కెగసెను. దానితో శిఖముపై కన్ను పడెను. వేసవిలో చెరువు ఎండినప్పుడు ఆ భూమి చదునుగ, సువిశాలముగ కనబడును. నాలుగు హద్దురాళ్లు పాతి, సున్నపు గీతలు గీచి, దానికొక నగరు పేరు పెట్టినచో ప్లాట్లు సిద్ధము. మత్తడి కాలువ ఇరుకై మురికి కాలువగ మారును. వాన వచ్చిన దినమున నీరు తన పాత దారిని తాను వెదుకుకొనుచు వచ్చును. దానికి మన దస్తావేజులు చదువ రాదు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణపు వీథులు ఏరులై పారినవి. జిల్లా కలెక్టరు కార్యాలయ ప్రాంగణము సైతము నీట చిక్కెను. ఆ దినమున మగ్గము తడిసి, నూలు తడిసి, వంటసామాను కొట్టుకొనిపోయి యేడ్చినవారు శిఖము కొన్నవారే యని యనుకొనకుడు. లాభము పొందినవా డొకడు, మునిగినవా డింకొకడు. ఇందున్న యన్యాయ మదియే.

న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక చట్టమును గూర్చి రెండు మాటలు స్పష్టముగ చెప్పెదము. శిఖము రెండు విధములు: సర్కారీ శిఖము, పట్టా శిఖము. సర్కారీ శిఖమును అమ్ముటకు ఎవ్వరికిని హక్కు లేదు. పట్టా శిఖమునకు హక్కుదారు డున్నను, నీరు తీసిన పిమ్మట సాగు చేసికొనుటకే అతనికి స్వేచ్ఛ. మట్టి పోసి యెత్తు చేయుటకు గాని, ఇండ్లు కట్టుటకు గాని కాదు. 2012 ఏప్రిలులో వెలువడిన భవన నిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దునుండి 30 మీటర్ల వరకును, అంతకు చిన్నవైన చెరువులు, కుంటలనుండి 9 మీటర్ల వరకును కట్టడము కూడదు. పది మీటర్లకు మించిన వెడల్పుగల వాగు ప్రక్కన 9 మీటర్లు, చిన్న కాలువ ప్రక్కన 2 మీటర్లు విడువవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము బోరు త్రవ్వుటకును, చెట్టు నరకుటకును అనుమతి కావలెనని చెప్పుచున్నది. 1976లో రాజ్యాంగమున చేర్చబడిన 51-ఎ అధికరణము అడవులను, చెరువులను, నదులను కాపాడుట ప్రతి పౌరుని విధియని శాసించుచున్నది. చట్టమునకు కొదువ లేదు. చదువుకొన్నవారి చొరవకే కొదువ.

ఆలస్యము వలన నేమగునో తెలియుటకు తిరుపతి వ్యాజ్యము చాలును. అచ్చటి అవిలాల, పేరూరు చెరువుల భూములు ఇండ్ల నిర్మాణమునకు ఇయ్యబడెను. మేధావుల వేదిక యను సంస్థ న్యాయస్థానమున కెక్కెను. 2006లో సుప్రీముకోర్టు, ఇట్టి వనరులకు ప్రభుత్వము ధర్మకర్త మాత్రమేయను సిద్ధాంతమును వివరించి చెప్పెను. కాని తీర్పు వచ్చునాటికి ధనము ఖర్చైపోయెను, ఇండ్లు లేచెను. కావున చెరువును పూర్వస్థితికి తెమ్మని చెప్పక, ఇకముందు పేరూరు చెరువులో కట్టడములు వలదనియు, వాన నీటిని ఇంకించు నేర్పాట్లు చేయవలెననియు ఆదేశించి ఊరకొనవలసివచ్చెను. సిద్ధాంతము గెలిచెను; చెరువు పూర్తిగ గెలువలేదు. 2011లో పంజాబు రాష్ట్రపు ఒక గ్రామ చెరువు విషయమై జగపాలసింగు వ్యాజ్యములో అదే న్యాయస్థానము, ఊరుమ్మడి భూముల యాక్రమణలను తొలగించుటకు అన్ని రాష్ట్రములును పథకములు సిద్ధపరుపవలెనని యాజ్ఞాపించెను. భూమిలేని కూలీల విషయమున, బడి, వైద్యశాల వంటివానికి వినియోగమైన చోట్ల మినహాయింపు ఉండవచ్చునని కూడ చెప్పెను. ఈ భేదమును మనము మరువరాదు. గట్టున గుడిసె వేసికొన్న బీదవానికి వేరొక నీడ చూపక గడ్డపార యెత్తుట ధర్మము కాదు. ప్లాట్లు గీచి అమ్మినవానిని విడిచి గుడిసెవానిపై పడుట అంతకన్న అధర్మము.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిమి. ఇక మన యిండ్లలోనికి వత్తము. చెరువును ఆక్రమించువారు కొందరే; చెరుచువారము మనమందరమును. వంటింటి మురుగు ఎక్కడికి పోవుచున్నది? స్నానపు నీరు, సబ్బు నురుగు ఎక్కడికి పోవుచున్నవి? మురుగు చేరిన చెరువులో గుర్రపుడెక్క దట్టముగ పెరుగును; దాని క్రింద నీటికి గాలి యాడదు; చేప చచ్చును; దోమ బలియును. ఆ చెరువుపై వల వేసి బ్రతుకు ముదిరాజు, గంగపుత్ర సోదరుల బువ్వ మన మోరీలో కొట్టుకొనిపోవుచున్నది.

రెండవది ప్లాస్టికు. ఒకసారి వాడి పారవేయు వస్తువులను 2022 జూలై 1 నుండి కేంద్ర ప్రభుత్వము నిషేధించెను. 120 మైక్రానులకు తక్కువ మందముగల సంచులు అదే సంవత్సరాంతమునుండి నిషిద్ధము. అయినను అంగడికి వట్టి చేతులతో పోయి, నాలుగు వస్తువులకు నాలుగు కవరులతో తిరిగి వచ్చుట మన కలవాటు. వేలకొలది మరమగ్గము లాడు సిరిసిల్ల మన ప్రక్కనే యున్నది! అచ్చట పాలిస్టరే యెక్కువగ నేయుచున్నారు. అదియు ఒక విధమగు ప్లాస్టికే యని యెరుగవలెను. కాని లంగాలకై నేయు నూలు బట్టయు అచ్చట కలదు. ఇంటికి రెండు నూలు సంచుల చొప్పున మూడు పట్టణములవారును అడుగజొచ్చినచో కొన్ని మగ్గములకు పని, కొందరు కుట్టుపని స్త్రీలకు కూలి, చెరువుకు ప్రాణము. స్వదేశీయన నిదియే కదా!

మూడవది పండుగలు. ప్లాస్టరు ఆఫ్ పారిసు వినాయకుడు నీట కరగడు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే మాసమున అట్టి విగ్రహములు వలదని నిర్దేశించెను. మట్టితో చేసి మట్టిలో కలుపుట మన పూజావిధానమే. కొత్తగ నేర్చుకొనవలసినదేమియు లేదు. ఇక బతుకమ్మను చూడుడు. ప్రపంచమున ఎందరు పూలను దేవతగ పేర్చి, చెరువుకు కానుకగ నిచ్చుచున్నారు? తంగేడు బీడు భూములలో పూచును. గునుగు చేల గట్లపై దానంతట అదే మొలచును. బీళ్లు ప్లాట్లై, చేలు కలుపు మందులతో కాలినచో ఆ పూలెక్కడివి? రంగుకాగితపు పూలతో పేర్చిన బతుకమ్మను మురుగు గుంటలో విడుచు దినము మన యాడబిడ్డలకు రాకూడదు.

నాలుగవది ఇంటికప్పు. లెక్క చాల సులభము. నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఒక సెంటీమీటరు వాన కురిసిన వేయి లీటర్ల నీరగును. ఏడాదిలో తొంబది సెంటీమీటర్లు కురిసినదనుకొన్నను తొంబది వేల లీటర్లు! ఇంత నీటిని వీథిలోనికి వదలి, వేసవిలో ట్యాంకరువానికి రూకలిచ్చి బ్రతిమాలుట బుద్ధిమంతుల పనియా? పెరటిలో ఒక గొయ్యి త్రవ్వి, కంకర, ఇసుక నింపి, కప్పునీటి గొట్టమును దానిలోనికి మళ్లించుటకు కావలసిన ఖర్చు, మనము గృహప్రవేశపు విందునకు చేయు ఖర్చులో ఎన్నవ వంతో మీరే లెక్కించుకొనుడు.

పట్టణవాసులకు పల్లెల రైతును నిందించుట తేలిక. వరి యెక్కువ నీరు త్రాగునని అందరును చెప్పుదురు. నిజమే, ఒక కిలో బియ్యమునకు కొన్ని వేల లీటర్ల నీరు కావలెను. కాని ఇతర పంటకు నిలుకడగల ధర లేనప్పుడు రైతేమి చేయును? ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడిన పిమ్మట మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతపు చెరకు రైతులలో అనేకులు వరికి మరలిరి. ఆ నేరము వారిది కాదు. మన పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానము జగిత్యాల సన్నాల వంటి వంగడములను దేశమున కిచ్చినది. మడిలో నిరంతరము నీరు నిలుపక, ఆరబెట్టి తడుపు పద్ధతి మొదలగు సంగతులు అట్టి చోట్ల నేర్చుకొనవచ్చును. పట్టణమువారు చేయదగిన సాయ మొకటి కలదు: వారమున కొన్ని పూటలు జొన్నరొట్టె, మక్కగటక తినుడు. తినువా డున్నచో పండించువా డుండును.

మేమొక్కరము మారినంత మాత్రమున నేమగునని కొందరు; ఇదంతయు ప్రభుత్వపు పనియని మరికొందరు. ఇరువురికిని ఒకే సమాధానము. ప్రభుత్వముచేత పని చేయించుటయు పౌరుని నిత్యకృత్యములలో నొకటి. దానికి ఆయుధము లున్నవి. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో మన చింతకుంట, మోతె చెరువుల విస్తీర్ణ మెంత, నిండు నీటి మట్టపు హద్దులు పాతిరా లేదా, నక్షా యెక్కడ అని యడుగవచ్చును. హైదరాబాదులో 2024లో చెరువుల కొరకు ప్రత్యేక సంస్థ నేర్పరచి, కట్టిన పిమ్మట కూలగొట్టుట చూచితిమి. కూలగొట్టుట వార్తయగును, కట్టకుండ నాపుట వార్త కాదు. కాని మేలైనది రెండవదియే.

కావున ఈ సభవారికి మూడు మనవులు చేయుచున్నాము. ఒకటి: మన పట్టణపు ప్రతి చెరువుయొక్క నక్షాను, సర్వే నెంబర్లను, నిండు నీటి హద్దును సంపాదించి ఈ పఠనమందిరపు గోడపై అంటింపవలెను. ప్లాటు కొనువాడు ముందుగ ఇచ్చటికి వచ్చి చూచుకొనును, అమ్మువాడు వెనుదీయును. రెండు: ఏటేట మృగశిర కార్తెకు ముందు ఒక ఆదివారము కట్టపై నడచి, తూము, మత్తడి, కాలువలు ఎట్లున్నవో వ్రాసి, మునిసిపాలిటీకిని, నీటిపారుదల శాఖకును ప్రతులు పంపి, రసీదు తీసికొనవలెను. మూడు: శిఖమని తెలిసిన భూమిని ఎంత చౌకగ వచ్చినను కొనమని, కొనుటకు సాక్షి సంతకము చేయమని మనలో మనము మాట యిచ్చుకొనవలెను. వకీళ్లు, ఉపాధ్యాయులు, వర్తకులు, ఉద్యోగులు ఈ మూడవ మాటపై నిలిచిరా, ప్లాట్లు గీచువానికి కొనుగోలుదారుడే దొరకడు.

చెరువు పట్టాదారునిది కాదు. సర్కారుదియు కాదు, సర్కారు దానికి కావలివాడు మాత్రమే. త్రవ్వినవారు దానిని మనకు అమ్మలేదు, అప్పగించిపోయిరి. అప్పగింతకు లెక్క చెప్పవలసిన పూచీ మనపై నున్నది. మొదటి మనవికి కావలసిన దరఖాస్తులను మేము వ్రాసి తెచ్చితిమి. అవి అధ్యక్షులవారి బల్లపై నున్నవి. సంతకములకు పదిమంది చాలుదురు. దయచేసి పోవుటకు ముందు సంతకము చేసి పోవుడు.